అల్పాకా ముద్దొస్తుంది సరే... కొనేదెవరు?

రాత్రి పదకొండున్నర. రేపటి ఆప్టిట్యూడ్ టెస్టుకు చదవాలని పుస్తకం తెరిచారు. పక్కనే ఫోన్. ఒక్క రీల్ చూసి మొదలుపెడదాం అనుకున్నారు. పచ్చిక మైదానం, ఎర్రరంగు చెక్క కొట్టం, పొడుగు మెడలతో దూదిబొమ్మల్లాంటి నాలుగు జంతువులు, వాటి కాళ్ల మధ్య తిరుగుతున్న కోళ్లు. ఓ చిన్నపాప గౌను ఒడిలో గుడ్లు ఏరుకుని వస్తోంది. వాళ్లమ్మ నవ్వుతూ 'ఆఫీసు ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చేశాం' అంటోంది. మీరు పుస్తకం మూసేశారు. 'ఈ కోడింగులు, ఈ ఇంటర్వ్యూలు ఎందుకు? ఊళ్లో రెండెకరాలు ఉందిగా!'

ఈ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడక్కర్లేదు. రిజెక్ట్ మెయిల్ వచ్చిన రాత్రుల్లో చాలామందికి వస్తుంది. చెడ్డ ఆలోచన కూడా కాదు. కాకపోతే ఆ రీల్లో పాట ఉంది, వెలుతురు ఉంది, లెక్క ఒక్కటే లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం మానేసే ముందు ఆ లెక్క చూడాలి. అందుకే ముందు ఆ ఫామ్‌లోకి ఓసారి వెళ్లొద్దాం. తర్వాత మన ఊరికి వద్దాం.

పొద్దున్నే బకెట్ ఎవరు మోస్తారు?

అల్పాకా ఒంటె కుటుంబానికి చెందిన జంతువు. సొంత చోటు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. ప్రపంచంలోని అల్పాకాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ పెరూలోనే ఉన్నాయి. సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్లకు పైన, పెద్దగా పంటలు పండని చలి నేలల్లో పెరుగుతాయి. మనకు గొర్రెల మందలెలాగో అక్కడి కుటుంబాలకు అవి అలాగ. ముచ్చట కోసం కాదు, బతుకుదెరువు కోసం. అమెరికాకు వ్యాపారంగా రావడం 1984లో మొదలైంది. ఇప్పుడు ఒహాయో, వాషింగ్టన్, ఆరెగాన్ లాంటి రాష్ట్రాల్లో పదీ పదిహేను ఎకరాల్లో పది అల్పాకాలు, ముప్పై నలభై కోళ్లతో కుటుంబాలు కనిపిస్తాయి.

మీరు అలాంటి ఇంట్లోనే పుట్టారనుకోండి. జనవరి నెల. బయట మంచు. రాత్రి తొట్టిలో పోసిన నీళ్లు తెల్లారేసరికి గడ్డకట్టి ఉంటాయి. స్కూలు బస్సు వచ్చేలోపు ఇంట్లోంచి వేణ్నీళ్ల బకెట్లు మోసుకెళ్లి కోళ్లకు, అల్పాకాలకు పోయాలి. ఎండుగడ్డి వేయాలి. చలికాలంలో పగటి వెలుతురు తక్కువ కాబట్టి కోళ్లు గుడ్లు తగ్గిస్తాయి. పెట్టకు రోజుకు పద్నాలుగు గంటలైనా వెలుగు కావాలి మరి. అంటే దాణా ఖర్చు అలాగే ఉంటుంది, గుడ్లు మాత్రం ఉండవు. సాయంత్రం చీకటి పడగానే కోళ్ల గూడు తలుపు వేయాలి. ఒక్క రాత్రి మర్చిపోతే నక్కో రకూనో వచ్చి సగం కోళ్లను చంపి పోతుంది. పెళ్లికి వెళ్లినా, జ్వరం వచ్చినా ఆ తలుపు వేసే మనిషి ఒకరు ఉండాల్సిందే.

కోళ్లు అక్కడి ఇళ్లకు ఎలా వస్తాయో తెలుసా? పోస్టులో! ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలను అట్టపెట్టెలో పెట్టి పంపిస్తారు. అమెరికా తపాలా శాఖ 1918 నుంచీ ఈ పని చేస్తోంది. పొదిగి బయటకు వచ్చే ముందు పిల్ల గుడ్డులోని సొనను కడుపులోకి తీసుకుంటుంది కాబట్టి దాదాపు మూడు రోజులు మేత, నీళ్లు లేకపోయినా బతుకుతుంది. పొద్దున్నే పోస్టాఫీసు నుంచి ఫోన్ వస్తుంది, 'మీ పిల్లలు అరుస్తున్నాయి, వచ్చి తీసుకెళ్లండి' అని. ఆ పెట్టె తెరిచే రోజు ఆ ఇంటి పిల్లలకు పండగే.

అల్పాకా అంత కష్టమైన జంతువు కాదు. గొర్రెంత మెతక కాకపోయినా, కోపం వస్తే ఉమ్మినా, మాట వింటుంది. పేడ మందంతా ఒకేచోట వేస్తుంది, ఊడ్చేవాళ్లకు అదో వరం. ఆ పేడను మాగబెట్టకుండానే కూరగాయల మడిలో వేసుకోవచ్చు. ఒంటరిగా మాత్రం బతకలేదు, తోడుండాలి. గర్భం పదకొండున్నర నెలలు, ఒక ఈతకు ఒకటే పిల్ల. చాలావరకు పగటిపూటే ఈనుతాయి కాబట్టి రాత్రి జాగారాలు తక్కువ. ఇంగ్లండులో కొందరు నక్కల బెడదకు కోళ్ల మధ్య అల్పాకాలను కాపలా ఉంచుతారు కూడా. అయితే గోళ్లు కత్తిరించాలి, పళ్లు చూడాలి. తెల్లతోక జింకలు తిరిగే ప్రాంతాల్లో నత్తల ద్వారా ఒక పురుగు వీటి వెన్నుపాములోకి చేరి కాళ్లు పడిపోయేలా చేస్తుంది. దానికి చాలామంది నెలనెలా ఇంజెక్షన్ ఇస్తారు. పది జంతువులుంటే నెలకు పది సూదులు. రీల్లో ఇవి కనిపించవు.

ఇక ఏడాదికోసారి, ఎండలు రాకముందు, ఉన్ని కత్తిరించే రోజు వస్తుంది. కత్తిరించే మనిషి ఊరూరా తిరుగుతూ వస్తాడు. జంతువును పక్కకు పడుకోబెట్టి, కాళ్లు తాళ్లతో చాపి కట్టి, నిమిషాల్లో పని ముగిస్తాడు. భార్యాభర్తలు, పిల్లలు, తాత, పక్కింటివాళ్లు అందరూ అక్కడే. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు వీపు మీది మేలురకం ఉన్నిని వేరుగా, మెడా కాళ్లదాన్ని వేరుగా సంచుల్లో నింపాలి. ఒక్కో జంతువుకు వచ్చేది సుమారు రెండు మూడు కిలోలు. పది అల్పాకాలకు ఇరవై ముప్పై కిలోలు. ఏడాది పొడవునా మేపినందుకు ఆదాయం అంతే. ఆ ఉన్నిని మిల్లుకు పంపి, నూలు చేయించి, రంగు వేయించి, సంతలో కూర్చుని అమ్ముకుంటే నాలుగు డబ్బులు. అలాగే సంచుల్లో ఉంచేస్తే అటక మీద దుమ్ము.

జీతం వేరే చోట నుంచి

మరి ఇల్లు ఎలా నడుస్తోంది? రీల్లో కనిపించని మనిషి ఒకరుంటారు. ఆయన లేదా ఆమె పొద్దున ఏడింటికే కారేసుకుని బడికో ఆసుపత్రికో ఆఫీసుకో వెళ్లిపోయి ఉంటారు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో ఏటా కనిపించే విషయమే ఇది. అక్కడి ఫామ్‌లలో దాదాపు పదింట తొమ్మిది చిన్న కుటుంబ కమతాలు. చాలా కుటుంబాలకు ఆదాయంలో ఎక్కువ భాగం ఫామ్ బయటి ఉద్యోగం నుంచే వస్తుంది. సగానికి పైగా ఇళ్లలో సేద్యం మీద మిగిలేది సున్నా కన్నా తక్కువే. ఇంట్లో ఒకరు బయట ఉద్యోగం చేయడానికి జీతంతోపాటు ఇంకో కారణం ఆరోగ్య బీమా. అక్కడ అది ఎక్కువమందికి ఉద్యోగంతోనే వస్తుంది.

దీన్ని మోసం అనకూడదు. వాళ్లకు ఆ జీవితం ఇష్టం, పిల్లలు అలా పెరగాలని కోరిక, అందుకు జీతంలోంచి ఖర్చు పెట్టుకుంటున్నారు. కానీ 'ఉద్యోగం మానేసి వచ్చేశాం' అన్న వాక్యంలో 'మానేసింది ఒక్కరే' అన్న మాట దాక్కుని ఉంటుంది. మీకు అసలు మొదటి జీతమే ఇంకా రాలేదు.

అల్పాకా బుడగ, ఈము బుడగ

ఇప్పుడు అసలు సంగతి. 2000వ సంవత్సరం తర్వాత కొన్నేళ్లపాటు అమెరికాలో ఒక మేలుజాతి ఆడ అల్పాకా ధర పదివేల డాలర్లు దాటి పలికేది. టీవీలో ప్రకటనలు వచ్చేవి. రిటైరైనవాళ్లు, ఉద్యోగాలు విడిచినవాళ్లు అప్పు చేసి మరీ కొన్నారు. ఏడాదికి మూడు కిలోల ఉన్ని ఇచ్చే జంతువుకు అంత ధర ఎందుకు? ఎందుకంటే దాని పిల్లను కొనడానికి ఇంకొకడు ఉన్నాడు. అతడి దగ్గర కొనడానికి మరొకడు. పైగా 1998 నుంచి బయటి దేశపు అల్పాకాలను అమెరికా వంశావళి రిజిస్టరులోకి తీసుకోవడం ఆపేశారు కాబట్టి సరుకు కొరత, ధర పెరుగుదల. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లోని ఆర్థికవేత్తలు టీనా సైటోన్, రిచర్డ్ సెక్స్‌టన్ 2007లో ఒక పత్రం ప్రచురించారు. ఉన్నికి వచ్చే డబ్బుతో ఈ ధరలకు పొంతన లేదని, ఇది బుడగేనని అందులో లెక్కలు వేసి చూపారు. తర్వాత బుడగ పగిలింది. వేల డాలర్లు పెట్టి కొన్నవాటిని కొన్నిచోట్ల ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేకపోయారు.

'అమెరికావాళ్ల పిచ్చి' అని నవ్వేలోపు మీ మేనమామనో పెదనాన్ననో ఒక్క మాట అడగండి. 'ఈము పక్షులు గుర్తున్నాయా?' అని.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ పక్షిని మన ఆంధ్రప్రదేశ్‌లోనూ, తమిళనాడు, మహారాష్ట్రల్లోనూ విరివిగా పెంచారు. నూనె అన్నారు, మాంసం అన్నారు, తోలు అన్నారు, ఈకలన్నారు. వాటిలో దేనికీ వీధిలో కొనే మనిషి లేడు. ఆదాయమంతా జతలు, పిల్లలు అమ్మడం మీదే. కొత్త రైతు వచ్చినంతకాలం పాత రైతుకు లాభం. 2012లో తమిళనాడు ఈరోడ్ జిల్లా పెరుందురైలో పెద్ద ఎత్తున డిపాజిట్లు సేకరించిన ఒక సంస్థ మూతపడటంతో కథ ముగిసింది. మేత పెట్టలేక పక్షులను వదిలేసిన రైతులున్నారు. అప్పు కట్టినవాళ్లు, ఇంకా కడుతున్నవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు.

రేపు మీ వాట్సాప్‌కు ఇంకో జంతువు వస్తుంది. పేరు మారుతుంది, 'మేమే తిరిగి కొంటాం, అగ్రిమెంట్ రాసిస్తాం' అన్న మాట మాత్రం మారదు. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: దీన్ని పెంచడానికి కాకుండా తినడానికో కట్టుకోవడానికో వాడటానికో కొనే మనిషి మా మండలంలో ఎవరున్నారు? పేరు చెప్పండి.

అన్నట్టు, అల్పాకాను మన దగ్గరకు తేవాలని ఎవరికైనా ఉంటే, బతికున్న పశువుల దిగుమతికి కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి కావాలి. ఒళ్లంతా ఉన్ని ఉన్న ఆ జీవిని మన మే నెల ఎండలో నిలబెట్టడం పాపం కూడా.

పెరట్లో ఉన్న కోడి సంగతి

కోడికి ఆ సమస్య లేదు. గుడ్డు పెట్టిన రోజే కొనేవాళ్లుంటారు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా పై వరుసలోనే ఉంది. అయితే ఆ గుడ్లు లక్షల కోళ్లున్న పెద్ద ఫారాలవి. వాళ్లతో ధరలో పోటీ పడితే మీరు మునుగుతారు. మీరు అమ్మగలిగింది పెరటి గుడ్డు, దాన్నే నమ్మి కొనేవాళ్లకు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఐసీఏఆర్ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి రకాలను అక్కడ తయారుచేశారు. మామూలు నాటుపెట్ట ఏడాదికి అటూఇటుగా యాభై అరవై గుడ్లు పెడితే, గ్రామప్రియ పెరట్లో తిరుగుతూనే 160 నుంచి 180 దాకా పెడుతుంది. ఇరవై పెట్టలుంటే రోజుకు తొమ్మిది పది గుడ్లు. మీ ఊళ్లో పెరటి గుడ్డు ధరతో గుణించి చూడండి. ఇంటి ఖర్చుకు ఆసరా అవుతుంది, ఈఎంఐలు కట్టే జీతం మాత్రం కాదు. ఇంకో చిక్కుంది. ఈ రకాలు సాధారణంగా పొదగవు. 21 రోజులు గుడ్ల మీద కూర్చునే ఓపిక నాటుపెట్టదే. కాబట్టి మంద తగ్గినప్పుడల్లా పిల్లలను మళ్లీ కొనాలి, మొదటి నాలుగైదు వారాలు బల్బు వెచ్చదనంలో సాకాలి. (ఈ గోధుమరంగు గుడ్లను 'నాటు గుడ్లు' అని అమ్మేవాళ్లు బోలెడంత మంది. మీరు ఆ పని చేయకండి, పెరటి గుడ్డు అని చెప్పినా కొంటారు.)

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా మా అమ్మ దగ్గర ముప్పైకి పైగా కోళ్లుండేవి. ఒక వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. సోమవారం రెండు తూలాయి. శనివారానికి గంప కింద పెట్టడానికి ఒక్కటీ లేదు. నా పరీక్ష ఫీజు ఆ కోళ్ల మీదే అనుకుని ఉన్నాం. ఆ టీకా ఖరీదు ఒక్కో కోడికి చాలా తక్కువ. సమస్య డబ్బు కాదు. ఒక సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, చల్లగా ఉంచాలి, కలిపిన గంట రెండు గంటల్లో వాడేయాలి. ముప్పై కోళ్ల కోసం సీసా ఎవరు విప్పుతారు? వీధిలోని నాలుగిళ్లు ఒకే రోజు ఒకే పొద్దున కోళ్లను పట్టి ఉంచి ఉంటే సరిపోయేది. ఆ నాలుగిళ్లను కలిపే మనిషే లేకపోయాడు. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనే. నాకు తట్టలేదు.

మీకు తట్టాలి. పశువైద్య సిబ్బందితో మాట్లాడి, ఐస్‌బాక్స్‌లో సీసా తెచ్చి, వాట్సాప్ గ్రూపులో తేదీ వేసి, వీధి మొత్తానికి టీకాలు వేయించే కుర్రాడో అమ్మాయో ఉన్న ఊళ్లో కోళ్లు మిగులుతాయి. అలా కోళ్లు నిలబెట్టిన మనిషి మాట మీద తర్వాత దాణా అమ్మొచ్చు, పిల్లలు అమ్మొచ్చు, గుడ్లు పట్నం చేర్చొచ్చు.

'ఇందుకా బీటెక్ చదివించింది?'

ఈ మాట ఇంట్లో పడుతుంది, తప్పదు. పొలం అమ్మో తాకట్టు పెట్టో చదివించిన నాన్నకు కోళ్ల గంప ఎత్తే కొడుకు కనిపిస్తే గుండె కలుక్కుమంటుంది. ఆయన కోపం కోళ్ల మీద కాదు. ఆ పనిలో తను పడ్డ కష్టం మీకు రాకూడదని. రీల్ చూపించి ఆయన్ను ఒప్పించలేరు, పుస్తకం చూపించి ఒప్పించొచ్చు.

అమెరికాలో పల్లె పిల్లలకు '4-హెచ్' అని ఒక క్లబ్బుంది. 1902లో ఒహాయోలోనే మొదలైంది. అందులో పశువును పెంచే పిల్లలు ఒక రికార్డు పుస్తకం రాయాలి. దాణాకు ఎంత, మందుకు ఎంత, అమ్మితే ఎంత వచ్చింది. జిల్లా సంతలో పశువుతో నిలబడి జడ్జి అడిగితే చెప్పాలి. పదేళ్ల పిల్లలు రాస్తారు అది. మీరు ఒక నెల రాయండి. ఇంట్లో కోళ్లుంటే వాటిది, లేకపోతే మేకలదో గేదెదో. తవుడు, నూకలు ఇంట్లోవే అయినా బజారు ధరకు రాయండి. గద్ద ఎత్తుకుపోయిన పిల్లను కూడా రాయండి. ఇంకో గడి తప్పకుండా ఉంచండి: అమ్మ గంటలు. పొద్దున గూడు తీసినప్పటి నుంచి రాత్రి మూసేదాకా ఆమె పెట్టిన సమయం. మన ఇళ్లలో పెరటి లాభమంతా ఆ గడి ఖాళీగా వదిలేయడం వల్ల వచ్చిన లాభమే.

నెల తర్వాత ఆ పుస్తకంతో మూడు దారులు. ఒకటి, అంకెలు బాగోలేవని తెలిసి మనశ్శాంతిగా టెస్టుకు చదువుకుంటారు. అదీ లాభమే. రెండు, ఉద్యోగం చేస్తూనే ఇంటికి ఇరవై పెట్టలు కొనిస్తారు. నా మొగ్గు దీనివైపే. ఆ అమెరికా కుటుంబం చేస్తున్నదీ ఇదే కదా. మూడు, పెద్దగా దిగుదాం అనుకుంటారు. అప్పుడు జాతీయ పశుధన మిషన్ గురించి కనుక్కోండి. 1,000 తల్లికోళ్లతో ఫారం, హేచరీ, పిల్లల్ని సాకే మదర్ యూనిట్ పెడితే పెట్టుబడి వ్యయంలో 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల దాకా రాయితీ ఉంది. గొర్రెలు, మేకలకైతే మంద పరిమాణాన్ని బట్టి 10 లక్షల నుంచి 50 లక్షల దాకా. రాయితీ రెండు విడతల్లో వస్తుంది. మిగతా సగం మీరో బ్యాంకో పెట్టాలి. భూమి కొనడానికి, రోజువారీ దాణా ఖర్చుకు అది వర్తించదు. సరిగ్గా ఆ దాణా దగ్గరే కొత్తవాళ్లు చతికిలబడతారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఉద్యమిమిత్ర పోర్టల్లో. 'నేను తెప్పిస్తా, పది శాతం ఇవ్వు' అనే మధ్యవర్తికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఈ రంగంలో ఉద్యోగమే కావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే చెప్పండి. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. ఇంటర్ బైపీసీ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల వెటర్నరీ డిగ్రీ. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర, తెలంగాణలో పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలు వీటిని నడుపుతున్నాయి.

ఇక ఇంటర్వ్యూ. 'ఖాళీ సమయంలో ఏం చేస్తావు?' అని అడిగితే ఇంట్లో కోళ్లున్న పిల్లలు కూడా 'బుక్స్ చదువుతా, మ్యూజిక్ వింటా' అంటారు. ఈసారి ఆ రికార్డు పుస్తకం సంగతి చెప్పి చూడండి. ముప్పై కోళ్లు, ఇంత దాణా, ఇన్ని గుడ్లు, ఇక్కడ నష్టం వచ్చింది, ఇలా సరిచేశాను అని. మీ సొంత అంకెలు కాబట్టి ఎదురు ప్రశ్న ఎన్ని వేసినా తడబడరు. పుస్తకానికి పెద్ద ఖర్చేం లేదు, పాత రికార్డులో మిగిలిన తెల్లకాగితాలు చాలు. మొదటి గీత గీసేటప్పుడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ పెట్ట ఎన్నాళ్లుగా గుడ్డు పెట్టడం లేదో ఆమెకు నోటికి వచ్చు.